ఒంట్లో బాగున్నప్పుడే చూసుకోవాల్సిన కాగితాలు

బెజవాడలో పనివాడికి జ్వరం వస్తే మొదట వెళ్ళేది మందుల షాపుకే. ఆటోనగర్ షెడ్డులో వెల్డింగు చేసే కుర్రాడు, వన్‌టౌన్ గొడౌన్లలో బస్తాలు మోసే ముఠా కూలీ, బీసెంట్ రోడ్డు బట్టల షాపులో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయి, అందరి లెక్కా ఒకటే. పెద్దాసుపత్రికి వెళ్తే ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరు గది ముందు ఒక లైను, రక్తపరీక్షకు ఇంకోటి, మందులకు మరోటి. అక్కడితో రోజు అయిపోతుంది. రోజు పోతే కూలి పోతుంది. అందుకే నాలుగు బిళ్ళలు మింగి పనిలోకి దిగుతారు. వారం తిరిగేసరికి ముదిరి అడ్మిట్ అవ్వాల్సి వస్తే ఇంట్లో ఉన్న కాస్త బంగారం తాకట్టుకు పోతుంది.

వాళ్ళకు తెలివి లేక ఇలా చేస్తున్నారని నేను అనుకోను. కూలి పోయినా ఇల్లు గడిచే దారి ఒకటి ఉందని, అది చాలామందికి ఇప్పటికే చట్టప్రకారం దక్కాల్సిందని వాళ్ళకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు మీ పే స్లిప్పు తీయండి. పీఎఫ్ పక్కనే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, పేరుతో ఒక చిన్న కోత ఉందేమో చూడండి. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే ఫ్యాక్టరీ, షాపు, హోటలు, సినిమాహాలు, ట్రాన్స్‌పోర్టు కంపెనీ, ప్రైవేటు స్కూలు, ప్రైవేటు ఆసుపత్రి ఇవన్నీ ఈఎస్ఐ కిందికి వస్తాయి. నెల జీతం 21,000 రూపాయలు దాటనివాళ్ళు అందులో ఉండాల్సిందే. 2019 జులై నుంచి ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 16,000 జీతగాడికి కోత 120 రూపాయలు, యజమాని వేసేది 520. చాలామంది ఆ 120ని పోయిన డబ్బుగానే లెక్కేస్తారు. 'ఈఎస్ఐ ఎందుకండీ, ఆ డబ్బేదో చేతికివ్వండి' అని యజమానిని అడిగేవాళ్ళూ ఉన్నారు. దయచేసి అలా అడగకండి. ఆ డబ్బుకు ఏమొస్తుందో చూడండి.

మీకూ, మీ భార్యకో భర్తకో, పిల్లలకూ, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకూ వైద్యం వస్తుంది. ముందు మీ డిస్పెన్సరీ, అక్కడ తేలకపోతే గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి, అక్కడా కాకపోతే వాళ్ళు రాసిచ్చే రిఫరల్ మీద ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రి. ఈ వరస తప్పకూడదు. నేరుగా ప్రైవేటు ఆసుపత్రిలో చేరిపోయి, తర్వాత బిల్లులు పట్టుకుని వస్తే చాలా తిరగాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు వరస చూసుకోనక్కర్లేదు గానీ, చేరిన వెంటనే ఇంట్లోవాళ్ళలో ఒకరు డిస్పెన్సరీకి కబురు చేయాలి.

అసలు విలువ వైద్యం కన్నా కూలి దగ్గర ఉంది. డాక్టరు విశ్రాంతి రాస్తే మీ సగటు రోజు జీతంలో 70 శాతం మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఏడాదిలో రెండు విడతలు కలిపి 91 రోజుల దాకా ఇస్తారు. 16,000 జీతగాడు నెలంతా మంచం మీదుంటే సుమారు 11,000. మొదటి రెండు రోజులకు మాత్రం రాదు. అంటే చిన్న జలుబుకు కాదు. టైఫాయిడ్‌కు, డెంగీకి, ఆపరేషన్‌కు పనికొచ్చే సొమ్ము. టీబీ, క్యాన్సర్ లాంటి దీర్ఘ జబ్బులకు ఇంకా ఎక్కువ కాలం, 80 శాతం లెక్కన ఇస్తారు. ఆడవాళ్ళకు కాన్పు సమయంలో 26 వారాలు పూర్తి జీతం. బట్టల షాపుల్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఏడో నెలలో పని మానేసి, బిడ్డకు ఏడాది నిండాక ఇంకో షాపు వెతుక్కోవడం మనం రోజూ చూస్తున్నాం. ఈఎస్ఐ ఉన్న అమ్మాయి అలా మానక్కర్లేదు. అంతకు ముందు రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా ఉంటే ఆ సొమ్ము ఆమె హక్కు.

చందా కాలం అంటే ఆరు నెలలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి వచ్చే జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరు దాకా లాభం అందుతుంది. జబ్బు సొమ్ము రావాలంటే ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. నెలకొక షెడ్డు మారే కుర్రాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. షెడ్డు మారినా ఈఎస్ఐ నెంబరు మారకూడదు. ఆ పది అంకెల నెంబరు జీవితాంతం ఒకటే. కొత్త చోట చేరిన రోజే 'నాకు పాత నెంబరు ఉందండీ, దాన్నే ఎక్కించండి' అని చెప్పండి. కొత్తది ఇచ్చారంటే మీ పాత రోజులు లెక్కలోకి రావు. ఇంక్రిమెంటు వచ్చి జీతం 21,000 దాటినా భయపడక్కర్లేదు. ఆ చందా కాలం ముగిసేదాకా మీరు లోపలే ఉంటారు.

కోసిన డబ్బు నిజంగా కడుతున్నారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఉమంగ్ యాప్‌లో మీ నెంబరు కొట్టి ఏ నెల ఎన్ని రోజులు పడ్డాయో మీరే చూసుకోవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఐదు నిమిషాల పని. జీతంలో కోసి కట్టకపోవడం శిక్ష పడే నేరం. 'అంతా కడుతున్నాం లేవోయ్' అన్న నోటిమాటను నమ్మి ఊరుకుంటే, ఆపరేషన్ బల్ల దగ్గరికి వెళ్ళాక తెలుస్తుంది ఏమీ కట్టలేదని. ఈఎస్ఐ టోల్ ఫ్రీ నెంబరు 1800-11-2526. పేరు చెప్పుకోవడానికి జంకైతే నలుగురు కలిసి యూనియన్ తరఫున ఫిర్యాదు రాయించండి. ఆటోనగర్‌లో యూనియన్లకు కొదవ లేదు. వాళ్ళు చేయగల పనుల్లో దీనికన్నా పనికొచ్చేది నాకు కనిపించదు.

పనిలో దెబ్బ తగిలితే లెక్క వేరు. గ్రైండర్ రాయి పగిలి కంట్లో పడ్డా, బాడీ ప్లేటు జారి కాలి మీద పడ్డా, చందా ఎన్ని రోజులు పడిందన్న ప్రశ్నే లేదు. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా నయమయ్యేదాకా 90 శాతం జీతం ఇస్తారు. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్తూనో, డ్యూటీ దిగి ఇంటికొస్తూనో బెంజి సర్కిల్ దగ్గర బండి కింద పడ్డా అది పనిలో తగిలిన దెబ్బ కిందే లెక్క. 2010లో చట్టంలో ఈ మార్పు వచ్చింది. కానీ దానికి కాగితం కావాలి. దెబ్బ తగిలిన రోజే షెడ్డులోని యాక్సిడెంట్ రిజిస్టరులో టైము, చోటు, చూసినవాళ్ళ పేర్లు రాయించండి. ఆసుపత్రిలో డాక్టరు 'ఎలా తగిలింది?' అని అడిగినప్పుడు జరిగింది జరిగినట్టే చెప్పండి. 'ఇంట్లో జారిపడ్డానని చెప్పు, కట్టు ఖర్చు నేను పెడతా' అని యజమాని అంటే ఒప్పుకోకండి. ఆ కట్టుకు వెయ్యి రూపాయలు అవుతుందేమో. రేపు వేలు వంగకపోతే జీవితాంతం రావాల్సిన పెన్షన్ ఆ ఒక్క అబద్ధంతో పోతుంది.

సెలవు సర్టిఫికెట్ మాత్రం ఈఎస్ఐ డాక్టరు ఇవ్వాల్సిందే. బయటి డాక్టరు చీటీని నేరుగా ఒప్పుకోరు. జబ్బు తగ్గి, పనిలోకి వెళ్ళాక తీరిగ్గా అడుగుదాం అనుకుంటే కుదరదు. జ్వరంతో వెళ్ళిన మొదటి రోజే అడగాలి.

ఇక ఈఎస్ఐ లేనివాళ్ళు. ఈ కృష్ణా డెల్టాలో వాళ్ళే ఎక్కువ: ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న షాపులవాళ్ళు, ఆటో డ్రైవర్లు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, తాపీమేస్త్రీలు, చేపల చెరువుల మీద పనివాళ్ళు, నాట్లకూ కోతలకూ వెళ్ళే కూలీలు. వీళ్ళకున్న పెద్ద దిక్కు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం. పేరు ఎన్నిసార్లు మారినా జనం నోట అది ఆరోగ్యశ్రీయే. ఆసుపత్రిలో చేరాల్సిన పెద్ద జబ్బులకు, ఆపరేషన్లకు, డయాలసిస్‌కు, క్యాన్సర్ మందులకు పనికొస్తుంది. పోయిన కూలి మాత్రం ఇందులో రాదు. ఈఎస్ఐకీ దీనికీ తేడా అదే. వ్యవసాయ కూలీకి జబ్బు రోజుల కూలి ఇచ్చే ఏర్పాటు లేకపోవడం ఈ వ్యవస్థలో అన్నిటికన్నా పెద్ద లోటని నా గట్టి అభిప్రాయం. అది మారేదాకా ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవాలి.

ఈ పథకంలో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగు పెట్టగానే రిసెప్షన్ దగ్గర ఆగకండి. పథకం తరఫున సాయం చేసే వైద్యమిత్ర బల్ల ఎక్కడుందో అడిగి ముందు అక్కడికే వెళ్ళండి. రేషన్ కార్డు, ఆధార్ ముందు పెట్టి అడగండి: "అమ్మా, మాది కార్డు మీద అవుద్దా? పరీక్షలకు మేం కట్టాలా? అప్రూవల్ ఎన్నాళ్ళకొస్తది?" ఈ మూడు ప్రశ్నలకూ జవాబు విన్నాకే సంతకాలు. డబ్బు కట్టి చేరి, మధ్యలో కార్డు తీస్తే ముందు కట్టింది తిరిగి రావడం కష్టం. అత్యవసరమైతే అప్రూవల్ కోసం వైద్యం ఆగనక్కర్లేదు, ఫోన్ మీదే అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. పథకం కింద చేర్చుకుని పైన డబ్బడిగితే, అక్కడే నిలబడి 104కు ఫోన్ చేయండి. ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు, ఇంటికి చేరే చార్జీలు కూడా ప్యాకేజీలోవే. చాలామంది అడగరు, చాలాచోట్ల వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు.

2025 అక్టోబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఈ సేవలు ఆపేశాయి. అప్పుడు డయాలసిస్‌కూ ఆపరేషన్‌కూ తేదీలు పడ్డవాళ్ళు ఎంత కంగారు పడి ఉంటారో చెప్పక్కర్లేదు. మళ్ళీ అలాంటి రోజులు వస్తే ప్రభుత్వాసుపత్రులు తెరిచే ఉంటాయని గుర్తుపెట్టుకోండి. విజయవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న జనరల్ ఆసుపత్రి, మచిలీపట్నంలో 2023లో మెడికల్ కాలేజీ వచ్చాక బోధనాసుపత్రిగా మారిన జిల్లా ఆసుపత్రి, కృష్ణ దాటితే మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. ఎయిమ్స్‌లో ఓపీ 2019 నుంచి నడుస్తోంది. ఎముకలు, నరాలు, గుండె లాంటి వాటికి రెండో అభిప్రాయం కావాలంటే ప్రైవేటు కన్సల్టేషన్లకు వేలు పోసేముందు ఒకసారి అక్కడికి వెళ్ళిరండి. ఇంట్లో 70 ఏళ్ళు నిండిన పెద్దలుంటే ఆదాయంతో పనిలేకుండా వాళ్ళకు 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ఆధార్ ఉంటే చాలు.

పథకంలో లేని ఆసుపత్రిలో చేరక తప్పకపోతే ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టొచ్చు. దానికి అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ కావాలి. డిశ్చార్జి అయ్యే హడావుడిలో ఆ కాగితాలు అక్కడే వదిలేసి వచ్చి, ఆనక తిరిగేవాళ్ళు ఎందరో. ఇంట్లో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు పెట్టుకుని ఓపీ చీటీతో సహా ప్రతి కాగితమూ అందులో వేయండి. డాక్టరు మొదట అడిగేదీ 'పాత కాగితాలేవీ?' అనే కదా.

పొలం పనివాళ్ళకు రెండు విషయాలు కాస్త వివరంగా చెప్పాలి.

మొదటిది పాము. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంత పెరిగాయంటే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగమే చేయించారు. అవనిగడ్డ ఆసుపత్రికి నాట్ల చేలలోంచి నేరుగా మనుషుల్ని మోసుకొచ్చారు. నమ్మకం నమ్మకమే, దాన్ని నేను కాదనను. కానీ కాటు పడ్డాక ప్రాణం నిలబెట్టేది విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే. అది ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ అదే మందు. కాబట్టి పామును చంపి తీసుకెళ్ళాలన్న తాపత్రయం వద్దు. తాడు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, మంత్రగాడి దగ్గర అరగంట పోగొట్టకండి. కరిచిన కాలినో చేతినో కదలకుండా కర్ర ఆసరా పెట్టి గుడ్డతో వదులుగా చుట్టి, మనిషిని నడిపించకుండా, 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి చేర్చండి.

ఆసుపత్రిలో ఏం చేస్తారో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఒక శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు పక్కన పెడతారు. తర్వాత గొట్టాన్ని వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా నీళ్ళలా జారితే పింజరి విషం పనిచేస్తోందని అర్థం, వెంటనే ఇంజెక్షన్ ఎక్కిస్తారు. ఆ ఇరవై నిమిషాలు 'ఏమీ చేయట్లేదు, ఊరికే కూర్చోబెట్టారు' అని పేషెంటును లేపుకుని ప్రైవేటుకు పరుగెత్తిన కుటుంబాలు ఉన్నాయి. దయచేసి ఆగండి. అదే ముఖ్యమైన పరీక్ష. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కట్లపాము కరిస్తే నొప్పి, వాపు కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి కనురెప్పలు వాలిపోతుంటే గ్యాస్ అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

రెండోది ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం కలిసిన చేలనీటిలో, మురుగు కాలవలో పుండ్లున్న కాళ్ళతో దిగితే వస్తుంది. తీవ్రమైన జ్వరం, పిక్కలు పట్టుకుంటే భరించలేని నొప్పి, కళ్ళు ఎర్రబడటం, ఆ తర్వాత కామెర్లు. మొదటి రోజుల్లో మామూలు యాంటీబయాటిక్‌తోనే నయమవుతుంది. ముదిరితే కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు 'జ్వరం' అని ఊరుకోకండి. 'వారం నుంచి చేలో నీళ్ళలో నిలబడి నాట్లు వేశానండీ' అన్న ఒక్క మాట కలపండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్ళలో నానినప్పుడు ఇళ్ళు కడిగినవాళ్ళకూ, బురద ఎత్తిన పారిశుధ్య కార్మికులకూ ఇదే ప్రమాదం. మీ పనేమిటో చెప్పడం వైద్యంలో సగం. వెల్డింగు చేసేవాళ్ళు, రాయి కోసేవాళ్ళు దగ్గుతో వెళ్ళినా అంతే. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష తప్పనిసరి. టీబీ అని తేలితే మందులు ఉచితం, పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి.

నొప్పి బిళ్ళల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పనిచేస్తూ, నీళ్ళు సరిగా తాగకుండా, నడుంనొప్పికి రోజూ రెండేసి బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఈ ఊళ్ళో లెక్కలేనంతమంది. ఎండిపోయిన ఒంటికి ఆ బిళ్ళలు కిడ్నీని నేరుగా దెబ్బకొడతాయి. 2015 మే ఎండలకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో బయట పని చేసుకుని బతికేవాళ్ళు ఎందరో. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు సీసాలో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మధ్యాహ్నం పని గంటలు ముందుకు జరపమని మాత్రం యజమానిని గట్టిగా అడగాల్సిందే.

బీపీ, షుగరు ఉన్నవాళ్ళు నెలనెలా మందులు కొనక్కర్లేదు. ఊళ్ళో విలేజ్ క్లినిక్‌లో, పట్నంలో అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఉచితంగా ఇస్తారు. మీ వార్డు ఏఎన్ఎం ఫోన్ నెంబరు తీసుకుని, డ్యూటీ వేళల్లో వెళ్ళలేకపోతే ఆ సంగతి ఆమెకే చెప్పండి. పగలు పనికి వెళ్ళేవాళ్ళ కోసం సాయంత్రం ఓపీ ప్రతి సెంటరులోనూ ఉండాలి. లేనిచోట అడగాలి. కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, 1100కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదవుతుంది. జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు, మచిలీపట్నం కృష్ణా జిల్లాకు కేంద్రాలయ్యాయి. మీ ఇల్లు ఎటువైపు ఉందో చూసుకుని ఆ కలెక్టరేట్‌కే అర్జీ పెట్టండి. రసీదు నెంబరు రాసుకోకుండా బయటికి రావద్దు.

షెడ్డు యజమానులకూ ఒక విన్నపం. పదిమంది ఉంటే చాలు, రిజిస్ట్రేషన్ మీ బాధ్యత. తొమ్మిదిమంది పేర్లే రాసి మిగిలినవాళ్ళను లెక్కలో లేకుండా తిప్పితే, రేపు ఎవడి చెయ్యో నలిగినప్పుడు ఆ ఖర్చంతా మీ మీదే పడుతుంది. 520 రూపాయల దగ్గర వెనకాడకండి.

పనివాళ్ళకు చెప్పేది ఇదీ. ఈ ఆదివారం సెలవే కదా, ఉమంగ్‌లో మీ పది అంకెల నెంబరు కొట్టి ఈ ఆరు నెలల్లో ఎన్ని రోజులు పడ్డాయో చూడండి. 78 కన్నా తక్కువుంటే సోమవారం పొద్దున్నే వెళ్ళి అడగండి.